ట్యాంకు లేని మస్టాంగ్: పాత కారుకు కొత్త పెట్రోల్ ట్యాంకు బిగించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేనుండేది టెక్సాస్‌లో. నాలుగేళ్ల కిందట ఒక 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే కొన్నాను. 289 వీ8 ఇంజను (289 ఘనపు అంగుళాలది, ఎనిమిది సిలిండర్లు) ఉంది, గేరుబాక్సు ఉంది, నాలుగు టైర్లలో గాలి కూడా ఉంది. డిక్కీ ఎత్తి చూస్తే మాత్రం కింద గడ్డి కనిపించింది. పెట్రోల్ ట్యాంకు ఉండాల్సిన చోట పెద్ద కన్నం. అది పూర్తిచేసి రోడ్డెక్కించాక, ఇలాంటి కార్లు కొన్న మనవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఎక్కువగా 1964 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి మస్టాంగ్ నుంచి 1970 మోడల్ దాకా ఉన్న కార్ల గురించే చెబుతాను. వేరే కార్లకు తేడా ఉన్నచోట ఆ మాట విడిగా చెబుతాను. మస్టాంగ్ మజిల్ కారు (పెద్ద ఇంజనున్న వేగపు కారు) కాదు, పోనీ కారు (చిన్నపాటి స్పోర్ట్స్ తరహా కారు) అని గొడవకు దిగేవాళ్లున్నారు. 1964 పాంటియాక్ జీటీవోతోనే మజిల్ కార్ల కథ మొదలైందని వాళ్ల వాదన. కావచ్చు. ట్యాంకు లేకపోతే రెండూ కదలవు.

ట్యాంకే లేకుండా కారు ఎలా అమ్ముతారు? అది ఎటు పోయి ఉంటుంది?

కొనే ముందు అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. నేను అడగలేదు. ధర తక్కువగా ఉందన్న సంబరంలో ఉన్నాను.

మామూలుగా మూడు కారణాలుంటాయి. ఒకటి, ట్యాంకు తుప్పు పట్టి కారుతుంటే ఎవరో బాగుచేద్దామని తీశారు, ఆ పని ఎప్పటికీ కాలేదు. రెండు, కారును డ్రాగ్ రేసులకు వాడారు. అసలు ట్యాంకు తీసేసి డిక్కీలో రేసింగ్ ట్యాంకు పెట్టుకున్నారు, అమ్మేటప్పుడు దాన్ని పట్టుకుపోయారు. మూడు, ఇది ఎవరో స్పేర్ పార్టుల కోసం ఉంచుకున్న బండి. ఒక్కో సామాను ఒక్కో కారుకు వెళ్లిపోగా మిగిలిన డొక్కు ఇది.

కారణాన్ని బట్టి మీ పని మారిపోతుంది. మొదటిదైతే ట్యాంకు చుట్టూ ఉన్న నేల రేకు కూడా తుప్పు పట్టి ఉంటుంది. రెండోదైతే నేలలో అదనపు బోల్టు కన్నాలు, తెగ్గొట్టిన ఫ్యూయల్ లైను (ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోల్ తీసుకెళ్లే ఇనుప గొట్టం), ఎలక్ట్రిక్ పంపుకు లాగి వదిలేసిన వైర్లు దొరుకుతాయి. మూడోదైతే ఇంకా ఏమేం పోయాయో దేవుడికే తెలియాలి. కాగితం, పెన్ను తీసుకుని కారు కింద దూరండి.

డిక్కీలో అంత పెద్ద కన్నం ఉందేమిటి? నేల ఊడిపోయిందా?

ఊడిపోలేదు, ఫోర్డ్ వాళ్లు చేసిందే అలా. ఈ మస్టాంగ్‌లలో డిక్కీ నేలకు ఒక పెద్ద చతురస్రాకారపు కన్నం ఉంటుంది. పొయ్యి మీద కళాయిని దించినట్టు ట్యాంకును పైనుంచి అందులోకి దించుతారు. ట్యాంకు అంచు చుట్టూ ఉన్న రేకు పట్టీ నేల మీద కూర్చుంటుంది, దాన్ని స్క్రూలతో బిగిస్తారు. అంటే ట్యాంకు పైభాగమే మీ డిక్కీ నేల. దానిమీద చాప లాంటి మ్యాట్ పరిచి, సూట్‌కేసులు పెట్టుకుని జనం ఊళ్లు తిరిగారు.

ఖర్చు తగ్గించుకోడానికి చేసిన పని ఇది. బిగించేవాడికి మాత్రం వరమే. కారును ఎత్తులో లేపి, ట్యాంకును గుండెల మీద మోస్తూ కింద పడుకోనక్కర్లేదు. చాలా పని డిక్కీ పక్కన నిలబడి చేసుకోవచ్చు.

ట్యాంకు ఒక్కటి ఆర్డర్ చేస్తే సరిపోతుందా?

సరిపోదు. నేను అదే పొరపాటు చేశాను. ట్యాంకు మూడు రోజుల్లో ఇంటికొచ్చింది. మిగతా చిల్లర సామాను పోగేసేసరికి ఆరు వారాలైంది.

పాత ట్యాంకు పాడైపోయి ఇంకా కారుకే ఉంటే, దాని చుట్టూ ఉన్నవన్నీ కళ్ల ముందే ఉంటాయి. ఏది ఎక్కడ బిగించాలో చూసి తీయొచ్చు. ట్యాంకే లేనప్పుడు దాన్ని తీసినవాడు వెంట ఏమేం పట్టుకెళ్లాడో మనం ఊహించుకోవాలి. వెనక దీపాల మధ్య మూత దగ్గర నుంచి ట్యాంకు దాకా వచ్చే పెట్రోల్ పోసే గొట్టం, ఆ గొట్టాన్ని ట్యాంకుకు కలిపే లావు రబ్బరు పైపు, దానికి రెండు క్లాంపులు, గొట్టం అంచు కింద పెట్టే గాస్కెట్, దాని స్క్రూలు, మూత, ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో చెప్పే సెండర్, దాని ఓ రింగు (లీకు కాకుండా పెట్టే గుండ్రటి రబ్బరు), దాన్ని బిగించే లాక్ రింగు, ట్యాంకు అంచు కింద వేసే సీలు, అంచు స్క్రూలు, సెండర్ నుంచి ఇనుప లైనుకు కలిపే చిన్న రబ్బరు పైపు, సెండర్ వైరు చివరి కనెక్టర్. ఇన్ని ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఈ చిల్లరంతా కలిపి ఒకే కిట్‌గా అమ్మే దుకాణాలున్నాయి. కిట్టే తీసుకోండి. విడివిడిగా కొంటే షిప్పింగ్ ఖర్చే ట్యాంకు ధరను దాటుతుంది.

ఏ సైజు ట్యాంకు కొనాలి?

1965, 66 కార్లకు వచ్చింది 16 గ్యాలన్ల ట్యాంకు. అంటే దాదాపు 60 లీటర్లు. 1969కి దాన్ని 20 గ్యాలన్లు చేశారు, 1970కి 22. పాత కారులో ఈ పెద్ద ట్యాంకు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అది లోతుగా ఉంటుంది కాబట్టి కిందికి ఎక్కువ దిగుతుంది. పెట్రోల్ పోసే గొట్టం కలుస్తుందా, సైలెన్సర్ పైపులకు దూరం సరిపోతుందా చూసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లు 16 గ్యాలన్లదే పెట్టండి. ఈ కార్లలో అంత దూరాలు ఎవరు వెళ్తున్నారు గనక!

కింద డ్రెయిన్ ప్లగ్గు ఉన్నవీ, లేనివీ రెండు రకాలూ దొరుకుతాయి. ప్లగ్గు ఉన్నదే మేలు. శీతాకాలమంతా షెడ్డులో ఉన్న కారులో పాత పెట్రోల్ తీసేయాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పాత ఇనుప సామాన్ల యార్డులో ట్యాంకు చవగ్గా దొరుకుతోంది. తుప్పు కడిగి, వెల్డింగ్ చేయించి వాడుకోవచ్చు కదా?

వద్దు. ఈ మోడల్‌కు కొత్త ట్యాంకులు ఇప్పటికీ తయారవుతున్నాయి, ధర కూడా ఓ రెండు మూడు వందల డాలర్ల లోపే. అలాంటప్పుడు అరవై ఏళ్ల తుప్పుతో పోరాటం ఎందుకు?

వెల్డింగ్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. గుంటూరులో మా మామయ్యకు లారీ షెడ్డు ఉండేది. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడే ఉండేవాణ్ణి. ఆయన దగ్గర అన్ని పనులూ జరిగేవిగానీ, పెట్రోల్ ట్యాంకు పట్టుకొస్తే మాత్రం "నిండా ఉన్నదానికి కాదురా, ఖాళీదానికి భయపడాలి" అని వెనక్కి పంపేసేవాడు. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ ట్యాంకు నిండా గాలీ ఆవిరే. రేకు మడతల్లో, మడ్డిలో దాక్కున్న పెట్రోల్ నెలల తర్వాత కూడా వేడి తగిలితే ఆవిరవుతుంది. మన ఇంటి షెడ్డులో చేయాల్సిన పని కాదది.

కొత్త ట్యాంకులన్నీ ఒకటేనా?

చూడ్డానికి ఒకటే. పాత రోజుల్లో సీసం, తగరం కలిపిన పూత వేసిన ఉక్కు రేకుతో చేసేవాళ్లు. ఇప్పుడు జింకు పూత రేకు, నికెల్ పూత రేకు, స్టెయిన్‌లెస్ స్టీలు వస్తున్నాయి. పార్సెల్ వచ్చిన రోజే విప్పి చూడండి. అంచు వంగిందా, సెండర్ కూర్చునే చోట సొట్ట ఉందా చూసి, ఏదైనా ఉంటే వెంటనే తిప్పి పంపండి. లోపల తయారీలో మిగిలిన నూనె, రేకు తుంపులు ఉండొచ్చు. అంచు కన్నాలకు డ్రిల్లు పని ఉంటే అది అయ్యాక, కాస్త పెట్రోల్ పోసి కుదిపి, తెల్లబట్టలో వడగట్టి చూస్తే తెలుస్తుంది.

సెండర్ అంటే ఏమిటి? ఏదైనా ఒకటే కాదా?

ఇక్కడే నేను మోసపోయాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సెండర్ అంటే ట్యాంకులోకి దూర్చే కడ్డీ. దాని చివర ఒక బెండు లాంటి ఫ్లోటు పెట్రోల్ మీద తేలుతూ ఉంటుంది. పెట్రోల్ తగ్గితే ఫ్లోటు దిగుతుంది, దాన్ని బట్టి కరెంటుకు అడ్డు మారుతుంది, డ్యాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. పెట్రోల్‌ను ఇంజను వైపు పీల్చే గొట్టం కూడా దీనికే ఉంటుంది, చివర చిన్న జల్లెడ సంచితో.

ఫోర్డ్ కార్లలో ఆ అడ్డు ట్యాంకు ఖాళీగా ఉంటే సుమారు 73 ఓములు, నిండితే సుమారు 10. క్రైస్లర్ వాళ్లదీ దాదాపు ఇంతే. 1965 నుంచి వచ్చిన జనరల్ మోటార్స్ (జీఎం) కార్లలో పూర్తిగా ఉల్టా: ఖాళీకి 0, నిండితే 90. నేను కొన్న సెండర్ బయటి కొలతలన్నీ ఫోర్డ్‌వే. లాక్ రింగు చక్కగా పట్టింది. లోపలి తీగచుట్ట మాత్రం జీఎం లెక్కది. డ్యాష్‌బోర్డు మార్చుకున్నవాళ్ల కోసం చేసిన రకమట, డబ్బా మీద ఆ ముక్క లేదు. ఏమైందంటే, పెట్రోల్ తగ్గేకొద్దీ నా ముల్లు పైకి లేచింది. ట్యాంకు నిండుగా ఉందనుకుంటూ ఆదివారం సాయంత్రం పిల్లలతో బయల్దేరాను. హైవే దిగే దారిలో బండి ఆగిపోయింది. ముల్లు నిండు గీత దాటి నిలబడింది. మా అబ్బాయి దాన్ని చూసి, "నాన్నా, ఇంకా చాలా ఉందిగా!" అన్నాడు. అమ్మిన దుకాణం వాళ్లు విప్పిన సామాను వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు.

పరీక్ష చాలా తేలిక. సెండర్‌ను వంటింటి బల్ల మీద పెట్టి, మల్టీమీటర్‌ను ఓముల మీద ఉంచండి. ఒక కొన వైరు తగిలించే బొడిపెకు, రెండోది సెండర్ రేకుకు ఆనించండి. ఫ్లోటును కిందికి వదిలితే 70 దాటి, పైకెత్తితే 10 దరిదాపుల్లో చూపాలి. మధ్యలో మెల్లగా కదిపితే అంకె ఎక్కడా ఎగిరిపడకూడదు. ఇత్తడి ఫ్లోటైతే చెవి దగ్గర ఊపి చూడండి. లోపల నీళ్లలాంటి చప్పుడు వస్తే చిల్లు పడ్డట్టే. వేణ్ణీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది.

గొట్టం లావు కూడా చూసుకోవాలి. ఆరు సిలిండర్ల కార్లకు, మామూలు 289లకు 5/16 అంగుళాలది. 390 లాంటి పెద్ద ఇంజన్లకు 3/8ది.

ట్యాంకు దించే ముందు కారులో ఏం సరిచూసుకోవాలి?

కన్నం చుట్టూ ఉన్న నేల రేకు. స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం పొడిచి చూడండి. నిండు ట్యాంకులో పెట్రోల్ ఒక్కటే 45 కిలోలు. ఆ బరువంతా ఈ అంచు మీదే ఉంటుంది. మొన లోపలికి దిగితే అక్కడ కొత్త రేకు వేయించాల్సిందే. ఈ కార్లకు డిక్కీ నేల ముక్కలు కుడి ఎడమలకు విడివిడిగా దొరుకుతాయి. ఆ వెల్డింగ్ పెట్రోల్ ఇంటికి రాకముందే పూర్తిచేయండి.

తర్వాత ఫ్యూయల్ లైను. ట్యాంకు లేకుండా ఏళ్లతరబడి ఉన్న కారులో ఆ గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది. నేను వెనక నుంచి గాలి కొట్టే పంపు పెట్టి ఊదితే ముందు వైపు ఏమీ రాలేదు. ఇంకాస్త ఒత్తిడి పెంచాను. ఠప్పుమని ఎర్రమట్టి బిళ్ల ఊడి షెడ్డు గోడకు కొట్టుకుంది, వెంటనే ఇంకోటి. కుమ్మరి పురుగు గూడు! మన ఊళ్లో కిటికీ మూలల్లో, తాళం కన్నాల్లో మట్టి మెత్తే జాతికి టెక్సాస్ చుట్టం. ఊదేటప్పుడు ముందు చివర్న ఎవరూ నిలబడకుండా చూడండి. కళ్లజోడు పెట్టుకోండి. లోపల బంకలా గట్టిపడ్డ పాత పెట్రోల్ ఉంటే గొట్టం మార్చేయడమే నయం. వంచి సిద్ధంగా ఉన్న లైన్లు దొరుకుతాయి.

సరే, బిగించేది ఎలా?

ముందు సీలు లేకుండా ఒకసారి ట్యాంకును ఉత్తినే దించి చూడండి. అంచు కన్నాలు నేల కన్నాలకు ఎదురుగా వస్తున్నాయా, పోసే గొట్టం వెనక పలకలోని రంధ్రానికి సూటిగా ఉందా చూడండి. కొత్త ట్యాంకుల్లో కన్నాలు ఒకటి రెండు తప్పడం మామూలే. డ్రిల్లు పెట్టాల్సి వస్తే ఇప్పుడే, పెట్రోల్ ఒక్క చుక్క కూడా తగలకముందే పెట్టాలి.

సెండర్‌ను ట్యాంకు బయట ఉండగానే బిగించండి. ఈ కార్లలో అది ట్యాంకు ముందు గోడకు ఉంటుంది, పైన కాదు. అంటే ట్యాంకు నిండితే ఆ ఓ రింగు పెట్రోల్‌లో మునిగి ఉంటుంది. అక్కడ చిన్న లోపం ఉన్నా కారుతుంది. ఓ రింగును కూర్చోబెట్టి, లాక్ రింగును ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టుతూ తిప్పండి. ఇత్తడే ఎందుకంటే ఇనుముతో ఇనుమును కొడితే నిప్పురవ్వ లేస్తుంది. కొత్త ట్యాంకుకు ఆ భయం లేకపోయినా, రేపు విప్పాల్సి వచ్చినప్పుడు ఉంటుంది. ఇప్పుడే అలవాటు చేసుకోండి.

నేనైతే ఇక్కడ ఒక రాత్రి ఆగాను. పెరట్లో రెండు చెక్క బల్లల మీద ట్యాంకును పెట్టి, సెండర్ మునిగేదాకా పెట్రోల్ పోసి, కింద అట్టముక్క పరిచి, చుట్టుపక్కల నిప్పేదీ లేకుండా చూసుకుని వదిలేశాను. పొద్దున అట్ట మీద రూపాయి బిళ్లంత మరక. ఓ రింగు మెలిపడి కూర్చుంది. కారులో బిగించాక తెలిస్తే అంతా మళ్లీ విప్పాల్సి వచ్చేది.

పెట్రోల్ తీసేశాక అంచు చుట్టూ సీలు పట్టీ అంటించి ట్యాంకును దించండి. స్క్రూలన్నీ వేళ్లతో మొదలుపెట్టి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవి బిగించుకుంటూ రండి. ఒక మూల గట్టిగా బిగించేస్తే రెండో మూల కన్నం దొరకదు.

తర్వాత పోసే గొట్టం. లావు రబ్బరు పైపు మీదికి రెండు క్లాంపులూ ముందే ఎక్కించండి. నవ్వకండి, గొట్టం కూర్చోబెట్టి నాలుగు స్క్రూలూ బిగించాక క్లాంపు చేతిలోనే ఉండటం చూసుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వాళ్లలో నేనొకణ్ణి. గొట్టాన్ని వెనక పలకలోంచి గాస్కెట్‌తో సహా దూర్చి, రబ్బరు పైపులోకి నెట్టి, పలక స్క్రూలు వేసి, చివర్లో క్లాంపులు బిగించండి.

ఇక కారు కింద రెండే పనులు. సెండర్ గొట్టాన్ని ఇనుప లైనుకు చిన్న రబ్బరు పైపుతో కలపడం, వైరు తగిలించడం. కారును జాక్ మీద వదిలి కింద దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.

రబ్బరు పైపు ఏదైనా పర్వాలేదా?

రేడియేటర్ పైపు ముక్క కోసి పోసే గొట్టానికి పెట్టినవాణ్ణి చూశాను. పెట్రోల్ తగిలి అది ఉబ్బి, మెత్తబడి, రెండు నెలల్లో జారిపోయింది. ఇంధనానికి చేసిన పైపే వాడాలి. కార్బ్యురేటర్ కార్లకు పైపు మీద 30ఆర్7 అని ముద్ర ఉన్నది సరిపోతుంది, 30ఆర్9 ఇంకా మంచిది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి షెడ్డులో పడున్న పాత పైపు ఎంత బాగా కనిపించినా వాడవద్దు.

మూత ఏది తీసుకోవాలి?

గాలి ఆడే మూత. ఈ పాత మస్టాంగ్‌లలో పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి వచ్చేది మూత గుండానే. పూర్తిగా మూసుకుపోయే మూత పెడితే బండి పావుగంటో అరగంటో నడిచి ఆగిపోతుంది. మూత తీయగానే బుస్సుమని చప్పుడొచ్చి మళ్లీ స్టార్టవుతుంది. జనం దీన్ని పంపు తప్పు, కార్బ్యురేటర్ తప్పు అనుకుని వందలు వదిలించుకుంటారు. 1970లో కాలిఫోర్నియాలో, 71 నుంచి దేశమంతటా ఆవిరి బయటికి పోకూడదన్న నిబంధన వచ్చింది. అప్పటి కార్లకు వేరే గొట్టాలు, వేరే మూత ఉంటాయి. వాటిని వీటితో కలపవద్దు.

మొదటిసారి స్టార్ట్ చేయడానికి జాగ్రత్తలేమిటి?

రెండు గ్యాలన్లు పోసి కింద టార్చితో ప్రతి అతుకూ చూడండి. ఇంజనుకున్న పెట్రోల్ పంపు ఏళ్లుగా ఎండిపోయి ఉంటే, దానిలోని రబ్బరు పొర చీలి ఉండొచ్చు. అది పెట్రోల్‌ను ఇంజను ఆయిల్‌లోకి వదలొచ్చు. కాబట్టి ఆయిల్ కడ్డీ తీసి వాసన చూడటం అలవాటు చేసుకోండి. నేను పంపు కొత్తదే వేశాను. పంపుకు ముందు తాత్కాలికంగా పారదర్శకమైన ఫిల్టర్ పెడితే ఏం కొట్టుకొస్తోందో కనిపిస్తుంది.

స్టార్టర్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో చల్లారనివ్వండి. ట్యాంకుకూ పంపుకూ మధ్య లైన్లో ఉండేది పీల్పు. అందుకే అక్కడ సన్నటి పగులుంటే ఇంజను నడిచేటప్పుడు పెట్రోల్ కారడానికి బదులు గాలి లోపలికి పోతుంది. బయట తడి కనిపించకపోయినా పెట్రోల్ ఎక్కదు. టెన్షన్ పడకుండా రబ్బరు అతుకులు మళ్లీ చూడండి.

అంతా పొడిగా ఉంటే, అప్పుడు ట్యాంకు నిండా పోయించి ఒక రాత్రి వదిలేయండి. పైభాగపు లీకులు నిండితేనే బయటపడతాయి.

ముల్లు కదలడం లేదు. సెండర్ పోయిందా?

ముందు ఎర్త్ చూడండి. సెండర్‌కు వచ్చేది ఒకటే వైరు. తిరుగు దారి ట్యాంకు రేకు, స్క్రూలు, కారు బాడీ. అందంగా ఉంటుందని ట్యాంకుకు మందంగా పెయింట్ వేసి, కింద రబ్బరు సీలు పెట్టి బిగిస్తే ఆ దారి తెగిపోతుంది. ట్యాంకు అంచు స్క్రూ దగ్గర పెయింట్ గీకి, అక్కడి నుంచి బాడీకి ఒక వైరు వేయండి.

గేజిని పరీక్షించడానికి వైరును నేరుగా బాడీకి ఆనించమని చాలామంది చెబుతారు. నేను 10 ఓముల రెసిస్టర్ మధ్యలో పెట్టి ఆనిస్తాను. ముల్లు నిండు గీత దగ్గరకు రావాలి. డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రెగ్యులేటర్ ఈ గేజిలకు సగటున 5 వోల్టులే పంపుతుంది. అది పాడైతే పెట్రోల్ ముల్లుతోపాటు వేడి చూపే ముల్లు కూడా పిచ్చిగా ఆడుతుంది. రెండూ కలిసి తప్పు చూపిస్తే ట్యాంకు జోలికి పోకండి.

డిక్కీలోనే ట్యాంకు ఉండటం ప్రమాదం కాదా?

ప్రమాదమే, దాన్ని తేలిగ్గా తీసుకోను. వెనక నుంచి గట్టిగా గుద్దితే ట్యాంకు పగిలి పెట్రోల్ డిక్కీలోకి వస్తుంది. డిక్కీకీ వెనక సీటుకూ మధ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చింది అట్టలాంటి పలక ఒక్కటే. ఇంధన భద్రతకు అమెరికా పెట్టిన 301 నంబరు ప్రమాణం 1968 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అదీ మొదట్లో ముందు గుద్దుకే. వెనక గుద్దు పరీక్ష 1970ల మధ్యలోగానీ చేరలేదు. మన కార్లన్నీ ఆ వెనక గుద్దు పరీక్షకు ముందువే.

ఇప్పుడు ట్యాంకు మీద కప్పే ఉక్కు పలక, వెనక సీటుకు అడ్డంగా వేసే ఉక్కు గోడ దొరుకుతున్నాయి. ట్యాంకు లేకపోవడం వల్ల డిక్కీ ఎలాగూ ఖాళీగా ఉంది. అవి వేసుకోడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. మా ఆవిడ ఆ గోడ పడేదాకా పిల్లల్ని వెనక ఎక్కనివ్వలేదు, న్యాయమే. డిక్కీలో పెట్రోల్ వాసన వస్తే "పాత కారు కదా, అంతేలే" అనుకోవద్దు. పోసే గొట్టం క్లాంపులు, గాస్కెట్ చూడండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. షెడ్డులో గీజరు మంట నేల దగ్గర ఉంటే కారును అక్కడ పెట్టనే పెట్టకండి.

నాది మస్టాంగ్ కాదు, కమారో. ఇదంతా వర్తిస్తుందా?

సగం వర్తిస్తుంది. కమారో ట్యాంకు డిక్కీ నేల కింద రెండు ఇనుప పట్టీల మీద వేలాడుతుంది. కాబట్టి మీ జాబితాలో పట్టీలు, వాటి బోల్టులు చేర్చండి. ఒక్కరే చేయకండి, కింద ఒకరు జాక్‌తో ఎత్తితే ఇంకొకరు పట్టీ బిగించాలి. 1967, 68 కార్లకు పెట్రోల్ పోసేది వెనక పలక మధ్యలో, 69కి నంబరు ప్లేటు వెనక. 1968 నుంచి 70 దాకా డాడ్జ్ చార్జర్‌కైతే ఎడమ పక్క రెక్క మీద. సెండర్ ఓముల సంగతి పైన చెప్పాను: కమారో జనరల్ మోటార్స్‌ది, చార్జర్ క్రైస్లర్‌ది.

ఇండియాకు తెచ్చుకున్న కారైతే?

పని అదే. ట్యాంకు బరువు తక్కువగానీ పరిమాణం ఎక్కువ, రవాణా ఖర్చు ఆ లెక్కన పడుతుంది. వాడిన ట్యాంకును పార్సెల్ వాళ్లు ముట్టుకోరు, కొత్తదే తెప్పించాలి. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్. కాబట్టి రబ్బరు సామానంతా దానికి తట్టుకునేదే కావాలి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. చాసిస్, బాడీ, ఇంజన్లను పెద్దగా మార్చి ఉండకూడదన్నది అందులో షరతు. డిక్కీ కోసి రేసింగ్ ట్యాంకు పెట్టే ఆలోచన ఉంటే అది గుర్తుంచుకోండి.

పాత ట్యాంకు ఎప్పుడైనా దొరికితే ఏం చేయాలి?

నాకు దొరికింది. కారు రోడ్డెక్కిన ఏడాదికి, దాన్ని అమ్మిన పెద్దాయన ఫోన్ చేశాడు. పశువుల కొట్టం సర్దుతుంటే ఒక ట్యాంకు కనిపించిందట, కావాలా అన్నాడు. వెళ్లి చూశాను. అడుగున చెయ్యి దూరేంత చిల్లు, లోపల కోడిగుడ్డు పెంకులు. వాడకానికి పనికిరాదు. దాన్ని అక్కడే పాత ఇనుము కుప్పలో వేయించాను. దాని పక్కనే ఒక కాఫీ డబ్బా ఉంది. కదిపితే గలగలమంది. మూత తీస్తే అంచు స్క్రూలన్నీ, లాక్ రింగు, పోసే గొట్టం క్లాంపులు రెండూ, ఒక్కటీ పోకుండా ఉన్నాయి, ఎవరో శ్రద్ధగా నూనె రాసి దాచినవి. డబ్బా తెచ్చుకున్నాను.